బుల్లియ్య చెప్పుకోని మాట

కార్తీకమాసం వచ్చిందంటే లోవమ్మ చేపల గంపకు విశ్రాంతి. ద్రాక్షారామం చుట్టుపక్కల సగం ఇళ్ళలో ఆ నెలంతా నీచు ముట్టరు. అందుకని ఆ సోమవారం పొద్దున ఆమె బజారుకు వెళ్ళకుండా అరుగు మీద కూర్చుని ఎండు రొయ్యలకు తలలు తుంచుతోంది. పక్కనే మొగుడు బుల్లియ్య గోడకు ఆనుకుని చిరిగిన వల బాగుచేస్తున్నాడు.

"మాత్ర వేసుకున్నావా మావా?" అంది లోవమ్మ.

"నీ ఎదురుగానే కదే మింగాను."

"ఏమో, నాలుక కింద దాచావేమోనని."

బుల్లియ్య నోరు తెరిచి, నాలుక పైకెత్తి చూపించాడు. లోవమ్మ నవ్వింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ పొద్దున్నపూట ఇలా నవ్వుకోవడం ఈ మధ్యనే మొదలైంది. అంతకు ముందు పొద్దున్నపూట అతనికి చేతులు వణికేవి. ఒక గుక్క పడితేగాని ఆ వణుకు తగ్గేది కాదు.

గౌతమీ గోదావరి గట్టు కింద ఉంది వాళ్ళ పల్లెపాలెం. బుల్లియ్యది పడవ పని. ఏటి మధ్య లంకల్లోంచి కొబ్బరికాయలు ఇవతలి ఒడ్డుకు చేరవేస్తాడు. కానీ చుట్టుపక్కల ఊళ్ళకు అతను తెలిసింది ఆ పని వల్ల కాదు. గోదావరిలో ఎవరు మునిగిపోయినా వెతికి పైకి తెచ్చేది బుల్లియ్యే. అతని తండ్రీ ఆ పనే చేసేవాడు. శవం కోసం దిగేవాడికి ముందొక గుక్క, పైకి వచ్చాక మిగతా సీసా ఇవ్వడం ఆ రేవులో మర్యాద. మీసాలు రాకముందు మొదలైన ఆ మర్యాద మెల్లగా రోజూ కావలసిన మందు అయి కూర్చుంది. ఉన్న ఒక్క కూతురి పెళ్ళిలో కన్యాదానం వేళకు కూడా అతను నిటారుగా కూర్చోలేకపోయాడు.

ఈ ఏడాది శ్రావణంలో నెత్తురు కక్కుకుని పడిపోతే లోవమ్మ ఇద్దరు మనుషుల చేత మోయించి కాకినాడ ఆసుపత్రిలో చేర్పించింది. బతికాడు. ఇంటికి పంపేటప్పుడు కౌముది అనే డాక్టరమ్మ లోవమ్మను పక్కకు పిలిచి చెప్పింది. "ఒంట్లోంచి మందు దించామమ్మా. మనసులో ఏముందో ఆయన చెప్పడం లేదు. అడిగితే గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. శవాలు తీసే పని మటుకు మానిపించండి. అందులోకి దిగితే మళ్ళీ తాగుతారు. ఈసారి తాగితే కాలేయం తట్టుకోదు."

లోవమ్మ ఆ మాట కొంగున ముడేసుకుంది.

"లోవా, ఆ రొయ్యలు ఇలా పడెయ్. పులుసులో వేస్తాను" అంటూ వంటింట్లోంచి పెద్దింట్లమ్మ వచ్చింది. బుల్లియ్యకు అక్క. పడుచుతనంలోనే మొగుడు వదిలేస్తే పుట్టింటికి వచ్చింది. అప్పటి నుంచీ ఇక్కడే. తమ్ముడికి ఇప్పటికీ ముల్లు తీసి చేప పెట్టే మనిషి.

ఆమె చేట అందుకుంటుండగా వాకిట్లో సైకిలు ఆగింది. కానిస్టేబులు హరిబాబు.

"బుల్లియ్యా, త్వరగా రావాలి. రామచంద్రపురం కుర్రాడు. కార్తీక స్నానానికని స్నేహితులతో వచ్చి ఇసుక తవ్విన గోతిలోకి జారిపోయాడు."

బుల్లియ్య చేతిలో వల ఆగిపోయింది. అతను లేచేలోపే లోవమ్మ లేచి అడ్డం నిలబడింది.

"రాడండి. మా ఆయన ఆ పని మానేశాడండి."

"మానెయ్యడానికి అదేమన్నా ఉద్యోగమా లోవమ్మా? తల్లీ తండ్రీ రేవులో కూలబడి ఉన్నారు."

"రాజమండ్రి నుంచి ఈతగాళ్ళని పిలిపించండి."

"కబురు పెట్టాం. వాళ్ళు వచ్చేసరికి సాయంత్రమవుతుంది. ఈలోపు నీళ్ళ లాగుడికి యానాం దాటి సముద్రంలో పడితే ఇంక దొరకడు." హరిబాబు సంచిలోంచి కాగితం చుట్టిన సీసా తీశాడు. "చలిగా ఉంది కదాని ఇది కూడా పట్టుకొచ్చాను."

బుల్లియ్య చూపు ఆ సీసా మీద పడి అక్కడే ఉండిపోయింది. లోవమ్మ అది చూసింది.

"దాన్ని లోపల పెట్టుకోండి బాబూ. మీ మీద గౌరవం ఉంది కాబట్టి నెమ్మదిగా చెబుతున్నాను."

హరిబాబు బుల్లియ్య వైపు ఆశగా చూశాడు. బుల్లియ్య తల వంచుకుని మళ్ళీ వల చేతిలోకి తీసుకున్నాడు. సైకిలు వెళ్ళిపోయింది.

"ఇంటికొచ్చిన చావు కబురుని అలా తిప్పి పంపకూడదే" అంది పెద్దింట్లమ్మ.

"డాక్టరమ్మ ఏమందో నీకూ చెప్పానుగా వదినా."

పెద్దింట్లమ్మ లోపలికి వెళ్ళింది. ఆ పూట వంటింట్లో గిన్నెల చప్పుడు కాస్త ఎక్కువగానే వినిపించింది.

కాసేపటికి గట్టు మీంచి ఇద్దరు దిగి వచ్చారు. ముందు ఒక ఆవిడ. కాళ్ళకు చెప్పులు లేవు. పట్టుచీర మోకాళ్ళ దాకా తడిసి మట్టి కొట్టుకుని ఉంది. వెనక ఆవిడ భర్త, గోపాలకృష్ణమూర్తిగారని రామచంద్రపురంలో లెక్కల మేష్టారు. ఆయన తడికె దగ్గరే గుంజ పట్టుకుని నిలబడిపోయాడు. లోపలికి రాలేకపోయాడు.

"లోవమ్మగారంటే మీరేనా అండి?" అంది ఆవిడ. లోవమ్మను గారు అని పిలిచినవాళ్ళు అంతవరకూ లేరు. "నా పేరు వరహాలక్ష్మి. పొద్దున పోయినవాడు మా అబ్బాయి. మణిశంకర్. చలిగా ఉంది వద్దురా అన్నాను. కార్తీక సోమవారం కదమ్మా, ఒక్క మునకేసి వచ్చేస్తానన్నాడు."

లోవమ్మ పీట వేసింది. ఆవిడ కూర్చోలేదు.

"వాణ్ణి బతికించమని అడగడం లేదమ్మా. అంత పిచ్చిదాన్ని కాదు. తెచ్చి ఒక్కసారి నాకు చూపించమంటున్నాను. మీవారు తప్ప తేలేరని అందరూ అంటున్నారు."

లోవమ్మకు కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. అయినా చేతులు జోడించింది.

"అమ్మా, మీ కాళ్ళకి దణ్ణం పెడతాను. ఆయన అందుకోసం నీళ్ళలో దిగితే తాగుతాడు. తాగితే చచ్చిపోతాడు. మీ బాబు ఇంక తిరిగిరాడమ్మా. నా మొగుడు ఇంకా ఉన్నాడు. ఉన్నవాణ్ణి ఇవ్వలేనమ్మా."

అనేశాక తన మాట తనకే కత్తిలా తగిలింది. వరహాలక్ష్మి మాత్రం కోప్పడలేదు. తల ఊపింది.

"నిజమేనమ్మా. నేనైనా అంతే అంటాను" అని వెనుదిరిగింది.

"ఆగండమ్మా" అంటూ పెద్దింట్లమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చింది. "లోవా, నువ్వు చూడలేదు. నువ్వు ఈ ఇంటికి రాకముందు మాట. నాలుగేళ్ళ నా నాగమణి ఈ గోదాట్లోనే పోయింది. దాన్ని పైకి తెచ్చింది వీడే. ఆ మొహం చూసుకున్నాను, తల దువ్వాను, బొట్టు పెట్టి సాగనంపాను. అందుకే ఇన్నాళ్ళు బతికాను. అది కూడా లేకపోతే నేనూ ఆ నీళ్ళలోనే దూకేదాన్ని. ఈవిడకి ఆ పాటి కూడా లేకుండా చేస్తామా?"

తడికె దగ్గర మేష్టారు ఏడుస్తున్న చప్పుడు ఒక్కటే వినిపించింది.

బుల్లియ్య లేచాడు. చొక్కా విప్పి దండెం మీద వేశాడు.

"వెళ్తానక్కా" అన్నాడు. తర్వాత పెళ్ళాం వైపు తిరిగి, "సీసా వద్దని చెప్పు. నువ్వు పడవలో కూర్చో లోవా. నువ్వు కనబడుతుంటే తాగను" అన్నాడు.

రేవులో జనం గట్టు పొడుగునా నిలబడి ఉన్నారు. పడవను గోతి దగ్గరికి తీసుకెళ్ళి, నడుముకు తాడు కట్టుకుని బుల్లియ్య దిగాడు. రెండో కొస లోవమ్మ చేతిలో ఉంది. మందు లేకుండా అతను ఈ పనికి దిగడం అదే మొదలు. మొదటి రెండు మునకల్లో ఏమీ దొరకలేదు. మూడోసారి దిగినప్పుడు తాడు ఒక్కసారి బిగిసింది. వెంటనే వదులైంది. బుల్లియ్య ఉత్త చేతులతో పైకి వచ్చి పడవ అంచు పట్టుకున్నాడు. పళ్ళు కొట్టుకుంటున్నాయి.

"దొరికాడా మావా?"

అతను ఆమె మొహంలోకి చూశాడేగాని ఆమెను చూస్తున్నట్టు లేదు.

"చాల్లే. పైకి వచ్చెయ్. వద్దు."

బుల్లియ్య తల అడ్డంగా ఊపి, గట్టిగా ఊపిరి తీసుకుని మళ్ళీ మునిగాడు. ఈసారి కుర్రాణ్ణి గుండెకు ఆనించుకుని పైకి తేలాడు.

ఒడ్డున వరహాలక్ష్మి కొడుకు తల ఒళ్ళో పెట్టుకుంది. జుట్టులోంచి ఇసుక ఏరింది. తడి మొహాన్ని కొంగుతో ఒత్తింది. ఎంతోసేపటికి లేచి బుల్లియ్య కాళ్ళకు దణ్ణం పెట్టబోయింది. అతను నిప్పు తగిలినట్టు వెనక్కి జరిగాడు.

"నాకు పెట్టకండమ్మా" అన్నాడు.

హరిబాబు దగ్గరికి వచ్చి, "ఈ ఒక్క రోజుకీ" అని సీసా చూపించాడు. బుల్లియ్య వద్దని చెయ్యి ఊపి ఇంటిదారి పట్టాడు. వెనకాలే నడుస్తూ లోవమ్మ లోలోపల భీమేశ్వరస్వామికి మొక్కుకుంది. గట్టెక్కామనే అనుకుంది.

గట్టెక్కలేదు. ఆ రోజు నుంచి అతను అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. మాట్లాడిస్తే ఊఁ అనేవాడు. నూతి దగ్గర కొబ్బరి పీచు తీసుకుని కుడిచెయ్యి తోముకుంటూ ఉండేవాడు. చర్మం ఎర్రగా కమిలిపోయింది. "ఏంటి మావా అది?" అంటే "చేప వాసన" అన్నాడు. వలలు బాగుచేసేవాడికి చేప వాసన ఎప్పుడు కొత్త అని లోవమ్మకు అనుమానం వచ్చింది. అడిగితే ఎక్కడ విరిగిపోతాడోనని ఊరుకుంది.

గురువారం మధ్యాహ్నం ఆమె బియ్యం కోసం వెళ్ళి వచ్చేసరికి బుల్లియ్య ఇంట్లో లేడు. వెతుక్కుంటూ కాలవ లాకుల దాకా వెళ్ళింది. బ్రాందీ షాపు వెనక అరటిచెట్ల దగ్గర పడి ఉన్నాడు. రిక్షాలో ఎక్కించుకుని, దారిపొడుగునా అందరి చూపులూ దాటుకుని ఇంటికి తెచ్చి చాప మీద పడుకోబెట్టింది. అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా పెద్దింట్లమ్మను చూడగానే తెగిపోయింది.

"చూశావా వదినా నీ పుణ్యం? ఆ తల్లికి బిడ్డని చూపించావు. రేపు నాకు ఎవరిని చూపిస్తావు?"

"నేనేం కోరి చేశానా లోవా? వాడు నాకు తమ్ముడు కాదా?"

"తమ్ముడైతే ఇన్నేళ్ళలో ఒక్కసారైనా వద్దన్నావా? శవం కనబడ్డప్పుడల్లా బుల్లియ్య. ఊరికీ బుల్లియ్యే, పోలీసులకీ బుల్లియ్యే. నువ్వేమో నా తమ్ముడు దేవుడని అందరికీ చెప్పుకుంటావు. ఆ దేవుడు కక్కిన నెత్తురు కడిగింది నేను."

పెద్దింట్లమ్మ మొహం పాలిపోయింది. "నేను రేపే మా పినతల్లి ఊరు వెళ్ళిపోతాను" అని గోడ పట్టుకుంది.

"అక్కనేమీ అనకు లోవా."

ఇద్దరూ తిరిగి చూశారు. బుల్లియ్య చాప మీద లేచి కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మాట మాత్రం స్పష్టంగానే ఉంది. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు.

"ఆ కుర్రాడు నా చెయ్యి పట్టుకున్నాడు లోవా. మూడో మునకలో. భయమేసి వదిలేసి పైకొచ్చేశాను."

"చచ్చిపోయినవాళ్ళు పట్టుకుంటారా మావా?"

"నాగమణి కూడా పట్టుకుంది."

పెద్దింట్లమ్మ చెయ్యి గోడ మీంచి జారిపోయింది.

"ఆ రోజు అయ్యకి కాలు బాలేదు" అన్నాడు బుల్లియ్య. అక్క వైపు చూడలేదు. "నన్ను దిగమన్నాడు. నేను దిగను అయ్యా, నాకు భయమేస్తోంది అన్నాను. నోట్లో సారా పోశాడు. అదే నేను మొదట తాగింది. దిగాను. తుంగలో చిక్కుకుని ఉంది. చెయ్యి చాపితే నా వేళ్ళు పట్టుకుందక్కా. నిజంగా పట్టుకుంది. భుజం మీద ఎక్కించుకుని తిప్పేవాణ్ణి కదా, అప్పుడు ఎలా పట్టుకునేదో అలాగే. నేను విదిలించుకుని పైకి వచ్చేశాను. అయ్య కొట్టాడు. ఇంకా పోశాడు. మళ్ళీ దిగాను. రెండోసారి పట్టుకోలేదు."

లోవమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మొదటిసారే తెచ్చుంటే బతికేది. నేనే వదిలేశాను. ఆ తర్వాత ఎవరికోసం దిగినా ఆ వేళ్ళే తగులుతాయి. తాగితే తగలవు. అంతే."

బయట కోళ్ళు గింజలు ఏరుకుంటున్నాయి. పెద్దింట్లమ్మ మెల్లగా వచ్చి తమ్ముడి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఒరే, నువ్వు దిగినప్పుడు ఎండ ఎక్కడుందిరా?"

"నడినెత్తిన ఉంది."

"అది పడింది పొద్దున్నేరా. మంచు కూడా వీడలేదు. నేను రేవులో అంట్లు తోముతుంటే నా పక్కనుంచే జారిపోయింది. నువ్వు లంకలో ఉంటే కబురు పెట్టి పిలిపించాం. పొద్దున పడిన పిల్ల మిట్టమధ్యాహ్నం దాకా నీళ్ళ అడుగున ఊపిరితో ఉంటుందా? ఇన్ని శవాలు తీశావు, నీకు తెలీదా?"

"అందరి విషయంలోనూ తెలుసక్కా" అన్నాడు బుల్లియ్య. "దాని విషయంలోనే తెలీదు."

"నీళ్ళురా అవి. లాగుడికి దాని చెయ్యి వచ్చి నీ చేతిలో పడింది. నువ్వు వదిలేసింది బతికున్న పిల్లని కాదు. అప్పటికే పోయింది అది. నా పక్కన ఉండగానే పోయింది."

బుల్లియ్య మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు.

"ఈ మాట అప్పుడే నాతో చెప్పుంటే అప్పుడే చెప్పేదాన్ని కదరా" అంది పెద్దింట్లమ్మ.

"ఎలా చెప్పను? దాన్ని నీ ఒళ్ళో పెడితే నువ్వు నాకు దణ్ణం పెట్టావు. నా బిడ్డని చూపించావురా నాయనా అన్నావు. ఆ తర్వాత రోజూ అన్నం పెట్టావు. పెట్టినప్పుడల్లా, అక్కకి ఇది తెలిస్తే పెడుతుందా అనుకునేవాణ్ణి."

బిడ్డను కడసారి చూసుకున్న తృప్తితో ఇన్నేళ్ళు గడిపింది పెద్దింట్లమ్మ. ఆ తృప్తిని తన చేతికి అందించిన పిల్లవాడి మొహం మీద అప్పటికి ఒక్క మీసం వెంట్రుక లేదన్న సంగతి ఇవాళ గుర్తొచ్చింది. నీళ్ళు ఓడుతూ, గజగజ వణుకుతూ తన ఎదుట నిలబడ్డాడు. ఎవరో తువ్వాలు కప్పారు. ఇంకెవరో ఇంకో గ్లాసు ఇచ్చారు. అందరూ భళా అన్నారు. భయమేసిందా అని అడిగినవాళ్ళు లేరు.

"నేను అడగలేదురా" అంది. "కన్నతల్లిని కదా, నా ఏడుపే నాకు సరిపోయింది. నువ్వూ పిల్లాడివేనని నాకు తట్టలేదు."

కమిలిన ఆ కుడిచేతిని రెండు చేతులతో తీసుకుని తన చెంపకు ఆనించుకుంది. బుల్లియ్య మొదట చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు. అప్పుడతను ఏడ్చాడు. తాగినవాళ్ళు ఏడ్చే ఏడుపు కాదది. ఒళ్ళంతా ఎగిరెగిరిపడుతూ, అక్క భుజం మీద మొహం పెట్టుకుని, పదిహేనేళ్ళ కుర్రాడిలా ఏడ్చాడు.

లోవమ్మ దగ్గరికి వచ్చి ఇద్దరి పక్కన కూర్చుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఈ మనిషి సీసాలు పగలగొట్టింది, తలుపులకు గడియలు పెట్టింది, ఎన్నో ఒట్లు వేయించుకుంది. అతను దేని నుంచి పారిపోతున్నాడో అడగాలని మటుకు తట్టలేదు. పెద్దింట్లమ్మ వీపు మీద చెయ్యి వేసింది.

"ఎక్కడికీ వెళ్ళొద్దు వదినా. నోరు జారాను" అంది.

"నువ్వన్నదాంట్లో తప్పేముందే" అంది పెద్దింట్లమ్మ.

మర్నాడు మొదటి బస్సుకే ముగ్గురూ కాకినాడ వెళ్ళారు. ఆసుపత్రి వరండాలో బల్ల మీద వరసగా కూర్చున్నారు. బుల్లియ్యకు చేతులు మళ్ళీ వణుకుతున్నాయి. చెమటలు పోస్తున్నాయి. రెండుసార్లు లేచి గేటు దాకా వెళ్ళాడు. రెండుసార్లూ తనంతట తనే తిరిగొచ్చి అక్కకూ పెళ్ళానికీ మధ్య కూర్చున్నాడు.

డాక్టరమ్మ గదిలోకి వెళ్ళగానే తల దించుకుని, "మళ్ళీ తాగానండి" అన్నాడు.

"తాగారు. తాగాక ఇక్కడికి వచ్చారు" అంది కౌముది. "కిందటిసారి మిమ్మల్ని మోసుకొచ్చారు. ఈసారి నడిచొచ్చారు. ఇలా మళ్ళీ జరిగినా జరగొచ్చు బుల్లియ్యగారూ. జరిగినా సరే, రావడం మానకండి."

నాడి చూసింది, కళ్ళు చూసింది. తర్వాత లోవమ్మనూ పెద్దింట్లమ్మనూ కాసేపు బయట కూర్చోమంది.

"వాళ్ళని ఉండనివ్వండి అమ్మా" అన్నాడు బుల్లియ్య.

కౌముది సరేనంది. చేతిలో కలం పక్కన పెట్టి, అతను మాట్లాడేదాకా ఊరుకుంది. బుల్లియ్య ఒకసారి కిటికీ వైపు చూశాడు. తర్వాత అక్క వైపు చూశాడు. పెద్దింట్లమ్మ కళ్ళు తుడుచుకుని, చెప్పరా అన్నట్టు తల ఊపింది.

"నాకొక మేనకోడలు ఉండేదండి" అన్నాడు బుల్లియ్య. "పేరు నాగమణి."